కోత తిన్నగా ఉంటేనే అతుకు నిలబడుతుంది: ఫ్యాబ్రికేషన్ షాపులో కటింగ్, వెల్డింగ్ మొదటి నుంచి చివరిదాకా

వెల్డింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామందికి మొదటిరోజే హోల్డర్ (వెల్డింగ్ రాడ్‌ని పట్టే పిడి) చేతికి కావాలి. టేపు, గ్రైండర్, క్లాంపుల దగ్గర నిలబడమంటే మొహం మాడ్చుకుంటారు. కానీ ఊడిపోయిన అతుకుల్ని పట్టి చూస్తే సగానికి సగం తప్పు వెల్డింగ్ మొదలయ్యే ముందే జరిగిపోయి ఉంటుంది: వంకరగా కోసిన పైపు, దాంట్లో 4 మి.మీ. సందు, ఆ సందు నింపడానికి మూడు రాడ్లు, పైన రంగు. అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాను. ముందు లోహం, తర్వాత కోత, ఆ తర్వాత అంచు, టాకింగ్ (ముక్కల్ని చిన్న చిన్న అతుకులతో తాత్కాలికంగా నిలపడం), చివర్లోనే వెల్డింగ్.

చేతిలో ఉన్నది ఏ లోహం?

ఇది తేల్చుకోకుండా మెషీన్ ఆన్ చేయకండి. అయస్కాంతం అంటుకుంటే అది మైల్డ్ స్టీలు కావచ్చు, హై కార్బన్ స్టీలు కావచ్చు, పోత ఇనుము కూడా కావచ్చు. 304 రకం స్టెయిన్‌లెస్‌కి అంటుకోదు, లేదా వంచిన చోట మాత్రం కొంచెం లాగుతుంది. అల్యూమినియం చేత్తో ఎత్తితేనే తెలిసిపోతుంది. ఇనుము రకాల మధ్య తేడాకి గ్రైండర్ రవ్వలు చూడండి. మైల్డ్ స్టీలు రవ్వలు పొడుగ్గా, పసుప్పచ్చగా, తక్కువ చీలికలతో వస్తాయి. హై కార్బన్ అయితే చివర్లో గుత్తులు గుత్తులుగా పేలతాయి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, మందంగా, ఎర్రగా ఉంటాయి.

దీంతో పనేంటంటే, స్ప్రింగ్ పట్టీ, పాత షాఫ్టు లాంటివాటిలో కార్బన్ ఎక్కువ ఉంటుంది. మామూలు 6013 రాడ్‌తో నేరుగా అతికితే అతుకు బాగానే కనిపిస్తుంది, కానీ పక్కన వేడెక్కి గబుక్కున చల్లారిన లోహం గట్టిపడి, పెళుసై, నాలుగు రోజుల్లో అక్కడ చీలుతుంది. వాటికి ముందు వేడి చేయాలి, 7018 లాంటి తక్కువ హైడ్రోజన్ రాడ్ వాడాలి, తర్వాత నెమ్మదిగా చల్లారనివ్వాలి. పోత ఇనుముకైతే నికెల్ రాడ్, అదీ అంగుళం చొప్పున చిన్న చిన్న ముక్కలుగా వేస్తూ, వేసినవెంటనే సుత్తితో మెల్లగా తట్టుతూ. తొందరున్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

తెల్లగా మెరిసే జీఐ పైపు (జింక్ పూత పూసిన ఇనుప పైపు) వస్తే ఆగండి. పైనున్న జింక్ 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది, ఇనుము కరిగేది సుమారు 1500 దగ్గర. అంటే అతుకు పడేలోపే జింక్ పొగై మీ ముక్కు దగ్గరికి వస్తుంది. ఆ పొగ పీల్చినవాళ్లకి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. అతికే చోట రెండు పక్కలా అంగుళం మేర పూత గ్రైండ్ చేసేయండి, గ్రైండ్ చేసేటప్పుడు కూడా మాస్క్ ఉండాలి.

ఒంటి మీద, చుట్టుపక్కల

ఈ భాగం దాటేసి కిందికి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి.

రాడ్ వెల్డింగ్‌కి 10 లేదా 11 నంబరు నల్ల గ్లాసు, ఎక్కువ ఆంపియర్లకు 12, గ్యాస్ కటింగ్‌కి 5 నంబరు సరిపోతుంది. ఆర్క్ (రాడ్ కొనకీ లోహానికీ మధ్య పుట్టే కరెంటు మెరుపు) వెలుగు కంటికి తగిలిన సంగతి అప్పుడే తెలియదు. రాత్రి పడుకున్నాక కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. కాటన్ బట్టలు, తోలు గ్లవ్స్, మడత లేని ప్యాంటు వేసుకోండి. పాలిస్టర్ చొక్కా మీద రవ్వ పడితే అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. గ్రైండింగ్‌కి వెల్డింగ్ హెల్మెట్ కాదు, కళ్లద్దాలూ మొహం షీల్డూ రెండూ.

వెల్డింగ్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. స్టెయిన్‌లెస్ పొగలో హెక్సావలెంట్ క్రోమియం ఉంటుంది, అది ఇంకా చెడ్డది. చేయాల్సింది కష్టమేమీ కాదు: తలను పొగ దారిలో పెట్టకుండా పక్కకు జరగండి, పొగ మీ నుంచి అవతలికి పోయేలా గాలి ఏర్పాటు చేసుకోండి. నూనె తుడవడానికి క్లోరిన్ ఉన్న డీగ్రీజర్లు, బ్రేక్ క్లీనర్లు వాడొద్దు. అవి తడిగా ఉండగా ఆర్క్ పడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్ చాలు, అదీ పూర్తిగా ఆరాక.

మంటకు సంబంధించి: అంటుకునే వస్తువులు కనీసం 35 అడుగుల దూరంలో ఉండాలి, జరపలేనివాటి మీద మంట అంటుకోని దుప్పటి కప్పాలి, పని అయ్యాక అరగంట నుంచి గంటదాకా ఒక మనిషి అక్కడే ఉండి చూడాలి. చాలా నిప్పులు అందరూ టీకి వెళ్లాకే లేస్తాయి. పాత డ్రమ్ముని, ట్యాంకుని "ఖాళీయే కదా" అని కోయబోకండి. లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది.

కరెంటు సంగతి. ఆర్క్ లేనప్పుడు హోల్డర్‌లో 60 నుంచి 80 వోల్టులదాకా ఉంటుంది. పొడి చేతికి ఏమీ అనిపించకపోవచ్చు, చెమట పట్టిన గ్లవ్‌తో ఇనుప ఫ్రేము మీద కూర్చుంటే మాత్రం ప్రాణం తీస్తుంది. రాడ్‌ని చంకలో పెట్టుకుని పట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది, వెంటనే మానేయాలి.

మార్కింగ్, కోత

మార్కింగ్‌కి సోప్‌స్టోన్ (బలపం) వాడితే దాని గీతే 2 మి.మీ. మందం. అందుకే కచ్చితంగా ఉండాల్సిన చోట గీతల సూదితో గీయండి. కోత తినేసే మందాన్ని లెక్కలో వేసుకోవాలి. సన్నటి గ్రైండర్ డిస్క్ 1 మి.మీ. తింటే, చాప్ సా (పెద్ద డిస్క్‌ని పైనుంచి దించి కోసే మెషీన్) దాదాపు 3 మి.మీ. తింటుంది. 6 మీటర్ల పైపుని పది ముక్కలు చేస్తే చాప్ సా మీద తొమ్మిది కోతలకి 27 మి.మీ. పోతుంది. అంటే సమానంగా 600 మి.మీ. చొప్పున పది ముక్కలు అసలు రావు.

*గ్రైండర్.* అందరి దగ్గరా ఉండేది, ఎక్కువ గాయాలు చేసేదీ ఇదే. సన్న గోడ పైపు, షీటు, స్టెయిన్‌లెస్‌కి 1 మి.మీ. డిస్క్ బాగా పనిచేస్తుంది. డిస్క్ మీద రాసిన గరిష్ట ఆర్‌పీఎం మీ గ్రైండర్ ఆర్‌పీఎం కన్నా ఎక్కువ ఉండాలి. 100 మి.మీ. గ్రైండర్ దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, 180 మి.మీ. డిస్క్ 8,500కి మించి తట్టుకోదు. గార్డు పీకేసి పెద్ద డిస్క్ బిగించేవాళ్ల ఎదురుగా నిలబడకండి. డిస్క్ మధ్యలోని లోహపు రింగు మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, చాలామంది అది చూడనే చూడరు. గడువు దాటినదీ, తడిసినదీ, కిందపడినదీ పారేయండి. కోసే డిస్క్‌తో పక్కవాటంగా రుద్దకూడదు, దానికి గ్రైండింగ్ డిస్క్ వేరే ఉంది.

డిస్క్ ఇరుక్కుని గ్రైండర్ ఎగిరి మీదికి రావడం ఎందుకు జరుగుతుందంటే, కోస్తుంటే జాబు (పని చేస్తున్న లోహం) రెండు ముక్కలూ మధ్యలోకి వంగి డిస్క్‌ని నొక్కేస్తాయి. కాబట్టి ఉంచుకునే ముక్కని క్లాంపు చేసి, తెగిపోయే ముక్క కిందికి వాలేలా వదిలేయండి. కోసేకొద్దీ సందు తెరుచుకుంటుంది. డిస్క్ తిరిగే గీతకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు నిలబడండి.

*చాప్ సా.* 14 అంగుళాల డిస్క్, యాంగిల్, చానెల్, పైపులకి వేగంగా పనిచేస్తుంది. యాంగిల్‌ని తిరగేసి, మూల పైకి ఉండేలా పెడితే డిస్క్‌కి ఒక్కసారిగా ఎక్కువ లోహం తగలదు. గట్టిగా నొక్కితే డిస్క్ వంగి కోత వాలుగా వస్తుంది. ఫెన్సు (లోహాన్ని ఆనించే పట్టీ) మీద రాసిన 45ని నమ్మకుండా ఒక తుక్కు ముక్క కోసి మూలమట్టంతో చూసుకోండి.

*బ్యాండ్ సా.* పళ్లున్న పట్టీ తిరుగుతూ కోసేది. నెమ్మది, కానీ కోత శుభ్రంగా, చల్లగా, నిలువుగా వస్తుంది. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహం మీద ఉండాలి. సన్న గోడ పైపుకి ముతక పళ్ల బ్లేడు వేస్తే పళ్లు రాలిపోతాయి. ఎక్కువ ముక్కలు ఒకే సైజులో కావాలంటే నా ఓటు దీనికే.

*గ్యాస్ కటింగ్.* మందపాటి మైల్డ్ స్టీలు ప్లేటుకి ఇప్పటికీ దీన్ని మించింది తక్కువ. ఇక్కడ మంట ఇనుమును కరిగించి కోస్తోందని అనుకుంటారు, అది నిజం కాదు. మంట ఇనుమును దాదాపు 900 డిగ్రీలకు తెస్తుంది, అప్పుడు వదిలిన ఆక్సిజన్‌లో ఇనుమే కాలిపోతుంది, ఆ ఆక్సైడ్ ఇనుము కన్నా తక్కువ వేడికే కరిగి కిందికి ఊడిపోతుంది. స్టెయిన్‌లెస్, అల్యూమినియం ఇలా తెగకపోవడానికి కారణం కూడా ఇదే, వాటి ఆక్సైడ్ అసలు లోహం కన్నా ఎక్కువ వేడికి గానీ కరగదు.

సెట్ చేసే తీరు ఇది. సిలిండర్లు నిలువుగా, గొలుసుతో కట్టి ఉండాలి. ఎసిటిలీన్ సిలిండర్‌లో గ్యాస్ అసిటోన్‌లో కరిగి ఉంటుంది, పడుకోబెట్టి వాడితే అసిటోన్ బయటికి వస్తుంది. ఆక్సిజన్ వైపు నూనె, గ్రీజు చుక్క కూడా తగలకూడదు, తగిలితే అంటుకుంటుంది. ఎసిటిలీన్ వైపు మర ఎడమచేతి వాటం. రెండు గొట్టాలకీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట వెనక్కి పాకకుండా ఆపేవి) ఉండాల్సిందే. సబ్బునీళ్లతో లీకులు చూడండి. ఎసిటిలీన్ రెగ్యులేటర్ 1 బార్ దాటకూడదు, ఆ పైన ఆ వాయువు దానంతటదే విచ్ఛిన్నమై పేలగలదు. గంటకి సిలిండర్‌లో పదో వంతు కన్నా ఎక్కువ లాగకూడదన్న నియమం కూడా ఉంది, పెద్ద నాజిల్ వేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

ముందు ఎసిటిలీన్ కొంచెం తెరిచి స్పార్క్ లైటర్‌తో వెలిగించండి, మసి ఆగేదాకా పెంచండి, ఆక్సిజన్ కలుపుతూ లోపలి తెల్లటి ములుకులు పదునుగా స్పష్టంగా కనిపించేదాకా తేండి. లీవర్ నొక్కి చూడండి, ములుకులు అలాగే ఉండాలి. ఇప్పుడు ములుకు చివర ప్లేటుకి 3 మి.మీ. ఎత్తులో, ప్లేటు అంచు దగ్గర పట్టుకోండి. అంచు ఎర్రటి నిప్పు రంగుకి వచ్చాక లీవర్ నొక్కి కదలండి. రవ్వలు నేరుగా కిందికి పోతుంటే వేగం సరిపోయినట్టు. పైకి చిమ్ముతున్నాయంటే తెగట్లేదు, మరీ వేగంగా వెళ్తున్నారు. పై అంచు గుండ్రంగా కరిగిపోయిందంటే మరీ నెమ్మది, లేదా మంట ఎక్కువ. ఎల్‌పీజీతో కోసేటట్టయితే నాజిల్ వేరేది కావాలి, ఎసిటిలీన్ నాజిల్‌తో కుదరదు.

టార్చ్ లోపల ఈల వేసినట్టు చప్పుడొచ్చి మంట మాయమైతే ఆలోచించొద్దు. టార్చ్ ఆక్సిజన్ వాల్వు మూసి, వెంటనే గ్యాస్ వాల్వు, ఆ తర్వాత సిలిండర్లు. కారణం దొరికేదాకా మళ్లీ వెలిగించకండి.

*ప్లాస్మా.* కరెంటుతో విపరీతంగా వేడెక్కిన గాలి ధారతో కోసేది. కరెంటు ప్రవహించే ఏ లోహమైనా తెగుతుంది, స్టెయిన్‌లెస్, అల్యూమినియం సహా. 40 ఆంపియర్ల మెషీన్ 10 మి.మీ. దాకా మర్యాదగా కోస్తుంది. దీనికి ప్రధాన శత్రువు కంప్రెసర్ గాలిలో తేమ. ఫిల్టరు, డ్రైయరు లేకుండా వాడితే నాజిల్, ఎలక్ట్రోడ్ రోజుల్లో తినేస్తుంది. ఎర్త్ క్లాంపు (కరెంటు తిరిగి మెషీన్‌కి వెళ్లే వైరు క్లాంపు) ఉంచుకునే ముక్కకి పెట్టండి, తెగి పడిపోయేదానికి కాదు.

అంచు, శుభ్రత, సందు

కోశాక బర్రు (అంచున మిగిలే పదునైన లోహపు పొర) తీయండి. అతికే చోట రెండు వైపులా 20–25 మి.మీ. మేర తుప్పు, రంగు, నూనె, మిల్లు నల్లపొర తీసి లోహం మెరిసేదాకా గ్రైండ్ చేయండి. రాడ్ వెల్డింగ్ కొంత మురికిని భరిస్తుంది, మిగ్ (గన్ నుంచి వైరు వచ్చే వెల్డింగ్) అంతగా భరించదు, టిగ్ (కరగని టంగ్‌స్టన్ కడ్డీతో చేసే వెల్డింగ్) అసలు భరించదు.

5 మి.మీ. దాటిన ప్లేట్లని ఎదురెదురుగా కలిపేటట్టయితే అంచు వాలుగా కోయాలి. ఒక్కో వైపు 30 డిగ్రీలు, రెండూ కలిస్తే 60 డిగ్రీల వీ వస్తుంది. అడుగున 1.5–2 మి.మీ. మందం అలాగే వదిలేయండి, రెండు ప్లేట్ల మధ్య 2–3 మి.మీ. సందు ఉంచండి. సందు లేకుండా ఆనించి పైన ఒక కోటు వేస్తే సగం మందం అతుక్కోకుండానే ఉండిపోతుంది, బయటికి మాత్రం చక్కగా కనిపిస్తుంది.

టాకింగ్

ఫ్రేము అయితే నాలుగు మూలలూ టాక్ చేశాక కర్ణాలు కొలవండి. రెండు కర్ణాలూ సమానమైతే మూలలు సరిగ్గా వచ్చినట్టు. తేడా ఉంటే పొడుగు కర్ణం మీద క్లాంపు వేసి లాగి, మళ్లీ కొలవండి. ఈ దశలో తప్పు దిద్దడానికి ఒక్క టాక్ కోస్తే చాలు, పూర్తి వెల్డింగ్ అయ్యాక దిద్దాలంటే ఒక పూట.

టాక్ 10–15 మి.మీ. పొడవు ఉండాలి. చుక్కలాంటి టాక్ వెల్డింగ్ వేడికి చిట్లుతుంది. చిట్లిన టాక్ మీదుగా బీడ్ (వెల్డింగ్ వరస) వేసేస్తే ఆ చీలిక లోపలే మిగిలిపోతుంది. అందుకని చిట్లినదాన్ని గ్రైండ్ చేసి తీసేశాకే ముందుకెళ్లండి.

రాడ్ వెల్డింగ్

నేర్చుకోవడానికి 6 మి.మీ. ప్లేటు, 3.15 మి.మీ. 6013 రాడ్, 110 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. సన్న గొట్టం మీద మొదలుపెట్టినవాడికి కన్నాలు పూడ్చడం తప్ప ఇంకేం రాదు. రాడ్ సైజుని బట్టి ఉజ్జాయింపుగా: 2.5 మి.మీ.కి 60–90 ఆంపియర్లు, 3.15కి 90–130, 4 మి.మీ.కి 130–180. పెట్టె మీద కంపెనీ ఇచ్చిన అంకెలు వేరుగా ఉంటే వాటినే నమ్మండి.

మెషీన్ ఎంచేటప్పుడు ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న ఆంపియర్లు కాదు, వెనక ప్లేటు మీద డ్యూటీ సైకిల్ చూడండి. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు అతికి, నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి. ఎర్త్ క్లాంపు గ్రైండ్ చేసిన లోహం మీద, అతికే చోటికి దగ్గర్లో పెట్టండి. బేరింగ్ అవతల పెడితే కరెంటు బేరింగ్ గుండా పోయి దాన్ని పాడుచేస్తుంది. సన్న ఎక్స్‌టెన్షన్ వైరుని చుట్టగా చుట్టి వాడకండి, వేడెక్కుతుంది, ఆర్క్ కూడా నీరసంగా వస్తుంది.

అగ్గిపుల్ల గీసినట్టు రాడ్‌ని ప్లేటు మీద గీసి, ఆర్క్ పుట్టగానే రాడ్ కడ్డీ మందమంత దూరంలో ఆపండి. అతుక్కుపోతే హోల్డర్‌ని ఒక్క మెలిక తిప్పి లాగండి, రాకపోతే హోల్డర్ నుంచి రాడ్ వదిలేయండి. రాడ్ పైభాగం మీరు వెళ్లే దిక్కుకి 10–20 డిగ్రీలు వాలి ఉండాలి. టీ జాయింటులో రెండు ప్లేట్ల మధ్య 45 డిగ్రీలు. రాడ్ కరిగేకొద్దీ పొట్టిదవుతుంది కదా, చేతిని ముందుకు జరపడంతో పాటు కిందికి కూడా దించుతూ ఉండాలి. కొత్తవాళ్లు మర్చిపోయేది ఇదే, మర్చిపోతే ఆర్క్ పొడుగై రవ్వలు చిమ్ముతూ బీడ్ వెడల్పుగా, చదునుగా అవుతుంది.

మిరుమిట్లు గొలిపే ఆర్క్‌ని కాకుండా దాని వెనక కరిగిన గుంటని చూడండి. గుంట రెండు ప్లేట్లనీ తాకిందా, అంచులు నిండాయా అన్నదే అసలు విషయం. గుంట వెనక నారింజ రంగులో కాస్త మసగ్గా కదిలేది స్లాగ్, అంటే రాడ్ పూత కరిగి ఏర్పడే మడ్డి. అది గుంట ముందుకి వచ్చేస్తే లోపల ఇరుక్కుంటుంది, కాబట్టి కోణం కొంచెం పెంచండి లేదా వేగం పెంచండి. రాడ్ అయిపోయాక ఒక్క క్షణం వెనక్కి వచ్చి గుంట నింపి ఆపండి, గుంట వదిలేస్తే అక్కడ నక్షత్రంలా పగులుతుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు స్లాగ్ కొట్టి, గుంటకి ముందు 10 మి.మీ. దూరంలో ఆర్క్ పుట్టించి, వెనక్కి వచ్చి గుంట నింపుకుని ముందుకు సాగండి.

కిందనుంచి పైకి నిలువుగా అతికేటప్పుడు ఆంపియర్లు 10–15 శాతం తగ్గించి, పక్కల దగ్గర క్షణం ఆగుతూ, మధ్యలో గబుక్కున దాటండి. పైనుంచి కిందికి లాగితే అందంగా వస్తుంది, లోతుగా దిగదు. సన్న గొట్టం తప్ప బరువు మోసే దేనికీ అలా వేయకండి.

6013, 7018 గొడవ. 6013 ఏసీ, డీసీ రెండింటి మీదా తేలిగ్గా నడుస్తుంది. గేట్లు, గ్రిల్స్, ఫ్రేములు, సన్న లోహం దీని పని. బరువు మోసేవాటికి, మందపాటివాటికి 7018. కానీ దాని బలమంతా పొడిగా ఉండటంలోనే ఉంది. తేమ పట్టిన 7018 అతుకులోకి హైడ్రోజన్ వదులుతుంది, గంటల తర్వాత చీలిక వస్తుంది. తెరిచిన పెట్టెని 120–150 డిగ్రీల రాడ్ ఓవెన్‌లో ఉంచాలి. ఓవెన్ లేకుండా, నెల కిందట తెరిచిన పెట్టెలోంచి తీసి "7018 వాడాం" అని చెప్పుకునే షాపులు చాలా ఉన్నాయి. దానికన్నా పొడిగా ఉన్న 6013 నయం.

మిగ్

ట్రిగ్గర్ నొక్కగానే బీడ్ పడుతుంది కాబట్టి మిగ్ తేలికంటారు. నా దృష్టిలో తప్పుడు అతుకు వేయడం కూడా దీంతోనే అత్యంత తేలిక. వోల్టేజీ తక్కువ పెట్టి మందపాటి ప్లేటు మీద వేస్తే బీడ్ పైన చక్కగా కూర్చుంటుంది, లోపలికి దిగదు, సుత్తి దెబ్బకి పట్టీలా లేచి వస్తుంది.

మైల్డ్ స్టీలుకి ఈఆర్70ఎస్-6 వైరు, 1 నుంచి 5 మి.మీ. ప్లేట్లకి 0.8 మి.మీ. సైజు. గ్యాస్ కార్బన్ డై ఆక్సైడ్ ఒక్కటే వాడొచ్చు, ఆర్గాన్ కలిపింది అయితే రవ్వలు తక్కువ. ప్రవాహం నిమిషానికి 10–15 లీటర్లు. ఇంకా పెంచితే మంచిదనుకుంటారు, ఎక్కువైతే సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. 3 మి.మీ. ప్లేటుకి 18–19 వోల్టుల దగ్గర పెట్టి, వైరు వేగం పెంచుతూ తగ్గిస్తూ చప్పుడు ఒకే తీరున చిటపటలాడే దగ్గర ఆపండి. వైరు పొడుచుకుని గన్ వెనక్కి తన్నుతుంటే వేగం ఎక్కువ. వైరు చివర పెద్ద బొట్టు కట్టి రాలుతుంటే వేగం తక్కువ.

కాంటాక్ట్ టిప్ (గన్ చివర వైరు బయటికొచ్చే రాగి ముక్క) నుంచి జాబుకి 10–15 మి.మీ. దూరం ఉంచండి. గ్యాస్‌తో అయితే గన్‌ని ముందుకు నెడుతూ, స్లాగ్ వచ్చే ఫ్లక్స్ వైరుతో (లోపల పొడి నింపిన వైరు) అయితే వెనక్కి లాగుతూ వేయండి. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ వైర్లలో ఎక్కువవాటికి పోలారిటీ మార్చాలి, గన్ నెగటివ్‌కి. ఇది మార్చకుండా వైరు బాగోలేదని తిట్టుకునేవాళ్లు ఎక్కువ. ఫ్యాను గాలి తగిలినా గ్యాస్ చెదిరి బీడ్ నిండా కన్నాలు పడతాయి, ఆరుబయట అయితే రాడ్‌కే మారిపోండి.

టిగ్

స్టెయిన్‌లెస్, అల్యూమినియం, సన్న గొట్టాలు, కంటికి కనిపించే అతుకులకి ఇది. నెమ్మది, ఖర్చు, ఓపిక మూడూ ఎక్కువ. ఉక్కు, స్టెయిన్‌లెస్‌కి డీసీలో టార్చ్ నెగటివ్, అల్యూమినియంకి ఏసీ. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర 2000 దాటితే గానీ కరగదు. ఏసీలో ఒక సగం ఆ పొరని చెదరగొడుతుంది, రెండో సగం కరిగిస్తుంది.

టంగ్‌స్టన్‌ని పొడవు వాటంగా గ్రైండ్ చేయండి, అడ్డంగా చేస్తే ఆర్క్ తిరుగుతుంది. థోరియం ఉన్న ఎర్ర రంగు టంగ్‌స్టన్ కొద్దిగా రేడియోధార్మికం, దాని దుమ్ము పీల్చకూడదు. లాంథనమ్ ఉన్నది కొనుక్కుంటే ఈ తలనొప్పి ఉండదు. ఆంపియర్లు మి.మీ. మందానికి సుమారు 40. ఆర్గాన్ నిమిషానికి 6–10 లీటర్లు. టంగ్‌స్టన్ గుంటలో మునిగితే ఆపి మళ్లీ గ్రైండ్ చేయాలి, వేరే దారి లేదు. అతుకు ఆపాక టార్చ్ వెంటనే ఎత్తేయకండి, గ్యాస్ ఆగేదాకా అక్కడే ఉంచండి.

304కి 308ఎల్ ఫిల్లరు (అతుకు నింపే కడ్డీ), 304ని మైల్డ్ స్టీలుకి కలిపితే 309ఎల్. స్టెయిన్‌లెస్ అతుకు గడ్డి రంగులో వస్తే వేడి సరిగ్గా ఉంది, బూడిద రంగైతే ఎక్కువైంది. మైల్డ్ స్టీలుకి వాడిన డిస్క్, బ్రష్ స్టెయిన్‌లెస్‌కి వాడితే ఇనుప రేణువులు దిగబడి తర్వాత తుప్పు చుక్కలు పడతాయి.

ఇక ఇత్తడి రాడ్‌తో బ్రేజింగ్. అసలు లోహం కరగదు, ఫ్లక్స్ (లోహం మీది ఆక్సైడ్‌ని తొలగించే పొడి) సాయంతో ఇత్తడి సందులోకి పాకుతుంది. వేరువేరు లోహాలకి, సన్న పోత ఇనుము ముక్కలకి పనికొస్తుంది. శుభ్రంగా లేని చోట అంటుకోదు, అంతే.

వంగిపోకుండా

కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది, అటువైపు జాబుని లాగుతుంది. దీన్ని ఆపలేరు, పంచగలరు. ఒక మూల పూర్తి చేసి ఇంకో మూలకి వెళ్లకుండా ఎదురుమూలకి వెళ్లండి. పొడుగు అతుకైతే మధ్య నుంచి చివరలకి, అదీ 50–75 మి.మీ. ముక్కలుగా, ఒక్కో ముక్కని వెనక్కి వేస్తూ. టీ జాయింటు ఒకే వైపు అతకాల్సి వస్తే నిలువు ప్లేటుని ఒకటి రెండు డిగ్రీలు అవతలికి వాల్చి టాక్ చేయండి, చల్లారాక నిటారుగా వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం అక్కర్లేనంత లావు బీడ్. 6 మి.మీ. కాలు (మూల నుంచి ప్లేటు మీద అతుకు అంచుదాకా కొలత) సరిపోయే చోట 8 వేస్తే పడే లోహం దాదాపు 78 శాతం ఎక్కువ, వేడీ వంకరా ఆ మేరకు పెరుగుతాయి. సన్న ప్లేటు మందాన్ని మించి కాలు వేయాల్సిన అవసరం మామూలుగా రాదు. మరోపక్క, 6 మి.మీ. కాలున్న అతుకులో బలం మోసే అడ్డం 4.2 మి.మీ. మాత్రమే. అందం కోసం దాన్ని గ్రైండ్ చేసి నునుపు చేస్తే ఆ కాస్తా పోతుంది.

అతుకు చూసి చెప్పడం

స్లాగ్ మొత్తం కొట్టి, బ్రష్ చేసి, వెలుతురులో చూడండి. చిన్న కన్నాలుంటే తేమ, నూనె, పొడుగు ఆర్క్, గ్యాస్ చెదరడం వీటిలో ఒకటి. బీడ్ అంచు వెంట గాడి పడితే ఆంపియర్లు ఎక్కువ లేదా పక్కల దగ్గర ఆగలేదు. బీడ్ తాడులా ఉబ్బెత్తుగా నిలబడితే ఆంపియర్లు తక్కువ. పగులు కనిపిస్తే పైన ఇంకో కోటు వేయకండి, చివరిదాకా గ్రైండ్ చేసి తీసి మళ్లీ వేయాలి. అనుమానంగా ఉన్నచోట రంగు పరీక్ష కిట్ వాడండి: శుభ్రం చేసి ఎర్ర రంగు చల్లి, పది నిమిషాలు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే పగులు ఎర్ర గీతై బయటపడుతుంది.

కొత్త మెషీన్, కొత్త రాడ్, కొత్త సెట్టింగు ఏదైనా అసలు జాబు మీదికి వెళ్లే ముందు అదే మందం తుక్కుతో ఒక టీ జాయింటు చేసి, ఒకే వైపు అతికి, చల్లారాక వైస్‌లో బిగించి, నిలువు ప్లేటుని అతుకు మీదికి మడిచేలా సుత్తితో కొట్టండి. ప్లేటు మడతపడిపోయినా అతుకు నిలబడితే సెట్టింగు అలాగే ఉంచుకోండి. అతుకు విరిగితే విరిగిన చోట చూడండి. మూలలో కోసిన అంచు చెక్కుచెదరకుండా తిన్నటి గీతలా మెరుస్తూ కనిపిస్తే లోహం అక్కడ కరగనే లేదు. 10 ఆంపియర్లు పెంచి, ఆర్క్ దగ్గర చేసి, ఇంకో తుక్కు ముక్క మీద మళ్లీ వేసి విరగ్గొట్టి చూడండి.